ఆనందపురం మండలంలో ఇల్లు కడుతున్నాం: సెప్టిక్ ట్యాంక్‌కి పర్మిషన్ ఎవరిస్తారు, మా నేలలో నీళ్లు ఇంకుతాయా?

తాతగారి_స్థలం:

అందరికీ నమస్కారం. మాది విశాఖపట్నం దగ్గర ఆనందపురం మండలం, హైవే నుంచి మూడు కిలోమీటర్లు లోపలికి. గ్రామ కంఠంలో తాతగారి నాటి స్థలం 20 సెంట్లు ఉంది, తూర్పు రోడ్డు, తూర్పు పడమరలు 72 అడుగులు, ఉత్తర దక్షిణాలు 121 అడుగులు. నాన్నగారు వచ్చే ఏడాది స్టీల్ ప్లాంట్‌లో రిటైర్ అవుతున్నారు, ఆ లోపు ఇల్లు పూర్తి చేసి సిటీలో అద్దె ఇల్లు ఖాళీ చేసేయాలని ఆయన పట్టుదల. మొత్తం ఆరుగురం ఉంటాం. ఊళ్లో అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ లేదు కాబట్టి సెప్టిక్ ట్యాంక్ తప్పదు, అక్కడే చిక్కుకుపోయాం.

ఈశాన్యంలో తాతగారు తవ్వించిన నుయ్యి ఉంది, ఇప్పటికీ నీళ్లు బాగుంటాయి, మా నాయనమ్మ ఆ నీళ్లే తాగేది. సిద్ధాంతిగారు లెట్రిన్ గొయ్యి వాయవ్యంలో పెట్టమన్నారు. సరే అని అక్కడికి వెళ్లి చూస్తే పడమటి గోడకు అవతల పది అడుగుల్లోనే పెదనాన్నగారి నుయ్యి! మేస్త్రిని అడిగితే నాలుగు అడుగుల సిమెంటు వరలు ఐదు దింపేసి పైన మూత వేస్తే అదే సెప్టిక్ ట్యాంక్, అడుగున సిమెంటు వేయక్కర్లేదు, నీళ్లు వాటంతట అవే ఇంకిపోతాయి, ఊరంతా అలాగే చేశాం అంటున్నాడు. పెదనాన్నగారు పైకి ఏమీ అనలేదు కానీ గోడ దగ్గర నిలబడి మేం ముగ్గు పోసిన చోటు చాలాసేపు చూశారు, అది చూశాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

ఇంకోటి, పునాది కోసం ఒకచోట తవ్విస్తే పైన రెండు అడుగులు ఎర్ర మట్టి, కింద పసుపు తెలుపు కలిసిన సుద్ద లాంటిది వచ్చింది. చేతిలో పిసికితే ముద్దవుతోంది. దాంట్లో నీళ్లు ఇంకుతాయా? మా బావగారు అమెరికాలో ఊరి బయట స్థలం కొన్నప్పుడు ముందు నేలను పరీక్ష చేసి, అది పాసైతేనే సెప్టిక్‌కి పర్మిట్ ఇచ్చారట. మన దగ్గర అలాంటిది ఏమైనా ఉందా? పంచాయతీనా, విశాఖ ప్రాంత అభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏనా, ఎవరి దగ్గరకు వెళ్లాలి? సచివాలయంలో అడిగితే ప్లాన్‌లో ఇంకుడు గుంత చూపించాలి అన్నారు, మేస్త్రి ఏమో ట్యాంక్ అవుట్‌లెట్ ఆ ఇంకుడు గుంతలోకే ఇచ్చేద్దాం, రెండు పనులూ ఒకేసారి అయిపోతాయి అంటున్నాడు. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

రిటైర్డ్_ఇంజినీర్_పెందుర్తి:

బాబూ, అన్నిటికంటే ముందు ఆ ఇంకుడు గుంత మాట ఆపండి. వానాకాలంలో డాబా మీద నీళ్లు భూమిలోకి పంపడానికి కట్టేది ఇంకుడు గుంత. సెప్టిక్ ట్యాంక్ నుంచి వచ్చే నీటికి కట్టేది సోక్ పిట్. మన వాళ్లు రెండిటినీ ఒకే పేరుతో పిలుస్తారు, గొడవంతా అక్కడే మొదలవుతుంది. ట్యాంక్ నుంచి బయటకు వచ్చే నీళ్లు పైకి తేటగా కనిపించినా అందులో రోగాలు తెచ్చే క్రిములు నిండా ఉంటాయి. దాన్ని వాన నీటి గుంతలో కలిపితే ఒక పెద్ద వానకు నేరుగా మీ నూతిలోకి పంపినట్టే. రెండూ వేరు వేరుగా, దూరంగా ఉండాలి.

పర్మిషన్ సంగతి. మన దగ్గర సెప్టిక్ ట్యాంక్‌కి విడిగా అనుమతి కాగితం అంటూ ఉండదు, అది ఇంటి ప్లాన్‌లో భాగం. లైసెన్స్ ఉన్న ఇంజినీర్‌తో, అంటే ఎల్‌టీపీతో, ప్లాన్ గీయించి ఆన్‌లైన్‌లో పెట్టించండి. మీది పంచాయతీ కాబట్టి కార్యదర్శి దగ్గర, ఇంజినీరింగ్ అసిస్టెంట్ దగ్గర మొదలుపెట్టండి. విశాఖ నగరపాలక సంస్థ, అంటే జీవీఎంసీ, హద్దు లోపల అయితే వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీ చూస్తారు. వీఎంఆర్‌డీఏ మాస్టర్ ప్లాన్‌లో మీ స్థలం మీదుగా రోడ్డు ఏమైనా గీశారేమో అప్పుడే అడిగి చూసుకోండి, ఆ ప్రాంతంలో ఇది ముఖ్యం. సైట్ ప్లాన్‌లో నుయ్యి, ట్యాంక్, సోక్ పిట్ మూడూ కొలతలతో గీయించండి, మీ నుయ్యే కాదు, గోడ అవతల మీ పెదనాన్నగారిది కూడా. నేను ఉద్యోగంలో ఉండగా చూసిన ప్లాన్లలో పదికి తొమ్మిదింట్లో మూలన ఒక చిన్న చతురస్రం గీసి వదిలేసేవారు. చుట్టూ ఏముందో ఎవరూ గీసేవారు కాదు, మేమూ గట్టిగా అడిగేవాళ్లం కాదు. అడగాల్సింది.

మీ బావగారు చెప్పింది నిజమే, అక్కడ చాలాచోట్ల నేల పరీక్ష లేకుండా పర్మిట్ రాదు. ఇక్కడ ఆ పరీక్ష ఎవరూ మిమ్మల్ని అడగరు కానీ ఎలా చేయాలో మన దేశ ప్రమాణాల్లోనే రాసి ఉంది. ఐఎస్ 2470 అని రెండు భాగాలు, మొదటి దాంట్లో ట్యాంక్ కట్టడం, రెండో దాంట్లో ఆ నీటిని నేలలోకి వదలడం. మీకు కావాల్సిన అంకెలు అందులోవే చెబుతాను. నీరు ఇంకే చోటు తాగునీటి నూతికి కనీసం 18 మీటర్ల దూరం ఉండాలి, అంటే 59 అడుగులు. ఇంటి గోడకు కనీసం 6 మీటర్లు, 20 అడుగులనుకోండి. వాయవ్యం మూలన పెడితే మీ నూతికి దాదాపు 60 అడుగులు వస్తుందేమో కానీ పక్క నూతికి 20 కూడా రాదు. నీటికి గోడ తెలియదు కదా.

అడుగు లేని వరలు సెప్టిక్ ట్యాంక్ కాదు. అది ఉత్త గొయ్యి. ట్యాంక్ అంటే అడుగు, గోడలు, లోపల ప్లాస్టరింగ్, అన్నీ నీళ్లు కారకుండా కట్టినది. మలం అడుగున చేరి కుళ్లుతుంది, తేట నీరు మాత్రమే బయటకు వస్తుంది. ఆ తేట నీటిని నేలలోకి పంపడానికి విడిగా ఇంకో ఏర్పాటు కావాలి. కాబట్టి ట్యాంక్ ఎక్కడన్నదాని కంటే నీరు ఇంకే చోటు ఎక్కడన్నదే మీరు ముఖ్యంగా ఆలోచించాల్సింది.

భీమిలి_కోడలు:

మా ఇంట్లో జరిగింది చెబుతాను, మీకు ఉపయోగపడొచ్చు. మాది భీమిలి దాటాక సముద్రానికి దగ్గర, మొత్తం ఇసుక నేల. ఏడేళ్ల క్రితం అత్తగారింట్లో కొత్త బాత్‌రూమ్ కట్టినప్పుడు మేస్త్రి గొయ్యి తవ్వి బకెట్ నీళ్లు పోశాడు, అలా పోశాడో లేదో మాయమైపోయాయి. అమ్మా ఇంత మంచి నేల ఎక్కడా దొరకదు, జన్మలో నిండదు అన్నాడు. అందరం సంతోషించాం. నూతికి అది పాతిక అడుగులు ఉంటుంది.

రెండో ఏడాది వానలకు మా చిన్నాడికి విరేచనాలు పట్టుకున్నాయి, తగ్గడం, మళ్లీ రావడం. డాక్టర్ దగ్గరకు నాలుగుసార్లు తిరిగాం. నీళ్లు చూస్తే అద్దంలా ఉన్నాయి, వాసన లేదు, రుచి మారలేదు, అందుకే ఎవరికీ నూతి మీద అనుమానం రాలేదు. ఊళ్లో నీళ్లు పరీక్ష చేసే కిట్ ఉంటుంది కదా, అందులో చిన్న సీసా ఒకటి ఉంటుంది, దాంట్లో నీళ్లు పోసి పక్కన పెడతారు. మర్నాడు మా నూతి నీళ్లు పరీక్ష చేసినామె ఆ సీసా పట్టుకుని మా ఇంటికే వచ్చింది. నీళ్లు తారులా నల్లగా అయిపోయాయి. నల్లబడితే మలంలో ఉండే బాక్టీరియా ఉన్నట్టట. మా అత్తగారు ఆ సీసా చేతిలోకి తీసుకుని వెలుతురుకు పెట్టి చూసి ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోయారు. నలభై ఏళ్లు తాగిన నుయ్యి.

ఇప్పుడు ఆ గొయ్యి మూసేశాం, కుళాయి నీళ్లు తాగుతున్నాం, నుయ్యి మొక్కలకు మాత్రమే వాడుతున్నాం. నేను చెప్పేది ఏమిటంటే నీళ్లు వేగంగా ఇంకితే మంచి నేల అనుకోకండి. మీది బంక నేల కాబట్టి మీ ఇబ్బంది వేరు కానీ నూతికి దూరం మాత్రం ఎవరు ఎంత చెప్పినా తగ్గించకండి. మీ పెదనాన్నగారితో కూర్చుని మాట్లాడండి, ఆయన అడగలేకపోయి ఉంటారు.

రిటైర్డ్_ఇంజినీర్_పెందుర్తి:

అమ్మా, మీరు రాసింది ప్రతి ఒక్కరూ చదవాలి. ఇసుక రేణువుల మధ్య ఖాళీ ఎక్కువ, నీరు వడకట్టబడే లోపే భూగర్భ జలంలో కలిసిపోతుంది. సముద్రం ఒడ్డున నీటి మట్టం కూడా పైనే ఉంటుంది. అలాంటి చోట రెండు గుంతల మరుగుదొడ్డి కట్టేటప్పుడు కూడా గొయ్యి అడుగు సిమెంటుతో మూసేసి, చుట్టూ అర మీటరు మందాన సన్న ఇసుక నింపమని చెబుతారు. ఆ పని చేయించుకున్నవాళ్లను నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను.

ఇక తాతగారి స్థలం బాబుకి. విశాఖ చుట్టూ కొండలన్నీ ఎక్కువగా ఖోండలైట్ రాయి. అది లక్షల ఏళ్లుగా శిథిలమై పైన ఎర్ర మట్టి, కింద మీరు చూసిన ఆ పసుపు తెలుపు బంక అవుతుంది. ఒకే స్థలంలో ఒక మూల గరప నేల, ఇంకో మూల బంక ఉంటుంది, నమ్మడానికి లేదు. అందుకే ఒక్కచోట కాదు, రెండు మూడు చోట్ల చూడాలి. ఖర్చేమీ లేదు. ఆరు అంగుళాల వెడల్పున మూడు అడుగుల లోతు గొయ్యి తవ్వండి. పార తగిలి గోడలు నున్నగా అయిపోతాయి, మేకుతో గీకి వదులు చేయండి. అడుగున రెండు అంగుళాలు ముతక ఇసుక వేసి, అడుగు ఎత్తున నీళ్లు పోసి రాత్రంతా వదిలేయండి. పొడి నేల మొదట ఆబగా తాగేస్తుంది, ఆ లెక్క చెల్లదు, బాగా నానాకే చూడాలి. మర్నాడు ఇసుక పైన ఆరు అంగుళాల నీళ్లు ఉండేలా సరిచేసి, అరగంటలో ఎంత దిగిందో స్కేలుతో కొలవండి. అంగుళం, అంటే 25 మిల్లీమీటర్లు, దిగడానికి 30 నిమిషాల లోపు పడితే సోక్ పిట్ పనికొస్తుంది. 30 నుంచి 60 మధ్య అయితే గొయ్యి వద్దు, పొడుగ్గా తక్కువ లోతు కందకం తవ్వాలి. 60 దాటితే ఆ చోట నేలలోకి వదలకూడదు, వేరే చోటు వెతుక్కోవాలి, లేదా ఫిల్టర్ కట్టాలి.

ఇది వానలు పడ్డాకే చేయండి, వేసవిలో చేస్తే ఏ నేలైనా మంచిదే అనిపిస్తుంది. అదే రోజు నూతిలో నీళ్లు నేల మట్టానికి ఎన్ని అడుగుల కింద ఉన్నాయో కూడా కొలవండి. 6 అడుగుల లోపే కనిపిస్తే కందకం కూడా కిందకి కాదు, మట్టి దిమ్మ పోసి పైన కట్టుకోవాల్సి వస్తుంది.

సబ్బవరం_రైతు:

ఇవన్నీ బాగానే ఉన్నాయి కానీ మా ఊళ్లో అందరూ ట్యాంక్ పైపు రోడ్డు పక్క కాలువలోకి ఇచ్చేశారు, పంచాయతీ వాళ్లు ఏమీ అనలేదు. ఇంత శ్రమ అవసరమా?

రిటైర్డ్_ఇంజినీర్_పెందుర్తి:

అవసరమే. ఆ కాలువ గెడ్డలో, అంటే వాగులో, కలుస్తుంది, గెడ్డ చెరువులో కలుస్తుంది. మీ పశువులు ఎక్కడ నీళ్లు తాగుతాయో ఒకసారి చూసుకోండి. ఎవరూ అనలేదంటే అనుమతి ఇచ్చినట్టు కాదు.

తాపీపని_30ఏళ్లు:

నేను మేస్త్రినే. సార్ చెప్పినవన్నీ కరెక్ట్, ఇంజినీర్ దగ్గర పనిచేసినప్పుడు నాకూ ఇలాగే చెప్పారు, తర్వాత బయట పార్టీలు ఖర్చు తగ్గించమంటే మేమూ వరలు దింపేయడం మొదలుపెట్టాం. ట్యాంక్ ఎలా కట్టాలో నేను చెబుతాను.

ఆరుగురికి చిన్నది చాలు కానీ పండగకు చుట్టాలు వస్తారు, పదిమందికి కట్టించుకోండి. లోపలి కొలత పొడవు ఆరున్నర అడుగులు, వెడల్పు మూడు అడుగులు, నీళ్ల లోతు నాలుగున్నర, పైన ఒక అడుగు ఖాళీ. ఇలా కడితే మూడేళ్లకోసారి తోడిస్తే సరిపోతుంది. లోపల అడ్డగోడ పెట్టి రెండు అరలు చేయాలి, మొదటి అర రెండో దానికి రెట్టింపు. లోపలికి వచ్చే పైపుకీ, బయటకు పోయే పైపుకీ ఇంగ్లీషు టీ (T) ఆకారం పైపు ముక్క వేయాలి, లేకపోతే పైన తేలే తెట్టు నేరుగా బయటకు పోయి నాలుగు నెలల్లో కందకం మూసుకుపోతుంది. గాలి గొట్టం ఇంటి కంటే ఎత్తు పెట్టండి. ప్లాస్టరింగ్ అయ్యాక నీళ్లు నింపి 24 గంటలు వదిలేయండి, మట్టం తగ్గితే ఎక్కడో కారుతున్నట్టు. మేస్త్రికి డబ్బులు పూర్తిగా ఇవ్వకముందే ఈ పని చేయండి. నేనే చెబుతున్నాను కదా.

ఒకటి మాత్రం చేతులు జోడించి చెబుతున్నాను. పైన స్లాబ్ పోసి సెంట్రింగ్ చెక్కలు లోపల వదిలేసి, ఇరవై రోజుల తర్వాత మనిషిని చిన్న మూతలోంచి దింపి తీయిస్తారు. అందులో ఇంకా ఒక్క చుక్క మురికి కూడా పడి ఉండదు, కొత్త ట్యాంకే కదా ఏమవుతుందనుకుంటారు. మూసి ఉన్న చోట తడి చెక్క కుళ్లి లోపల గాలి చచ్చిపోతుంది. నా దగ్గర పనిచేసే కుర్రాడు అలాగే దిగాడు, రెండు నిమిషాలు మాట్లాడుతూనే ఉన్నాడు, తర్వాత పిలిస్తే పలకలేదు. ఇంకొకడు దిగబోతుంటే నేను నడుం పట్టుకుని లాగేశాను, స్లాబ్ పక్కన పగలగొట్టి బయటకు తీశాం. బతికాడు. అప్పటినుంచి నేను స్లాబ్ పోయను. బయట పలకలు పోసి, ఆరాక ఒక్కొక్కటి పైన పేర్చి సందులు సిమెంటుతో మూస్తాను. ఖర్చు కూడా పెద్ద తేడా ఉండదు. మీ ఇంట్లో కూడా పలకలే వేయించండి.

రిటైర్డ్_ఇంజినీర్_పెందుర్తి:

మేస్త్రి గారూ, మీరు చెప్పిన విషయం మీద ఎవరూ మాట్లాడరు, రాసినందుకు సంతోషం. తోడించేటప్పుడు కూడా అంతే. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని లోపలికి దింపి సెప్టిక్ ట్యాంక్ తోడించడం, చేతితో మలం ఎత్తే పనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం, మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా ఉంది. పని పెట్టినవాళ్ల మీద కేసు, అంటే ఇంటి యజమాని మీద కూడా. వాక్యూమ్ బండిని పిలిపించుకోవాలి. బండి ట్యాంక్ దాకా రాగలిగే దారి ఉండేలా ప్లాన్‌లోనే చూసుకోండి, చాలామంది ఇల్లు చుట్టూ కట్టేసి పైపు అందక ఇబ్బంది పడుతున్నారు. ఆ బండి తోడింది ఎక్కడ పోస్తున్నాడో కూడా అడగండి, గెడ్డలో పోస్తానంటే వేరేవాడిని పిలవండి.

భీమిలి_కోడలు:

రెడీమేడ్ ప్లాస్టిక్ ట్యాంకుల గురించి ఎవరైనా అడగొచ్చు అని ముందే చెబుతున్నాను. మా వీధిలో ఒకరు పెట్టించారు, ఖాళీగా వదిలేశారు, రాత్రి పెద్ద వాన పడి తెల్లారేసరికి అది మట్టిని చీల్చుకుని పైకి తేలి ఉంది. నీళ్లు పైనే ఉండే చోట దింపిన వెంటనే నీళ్లు నింపాలట.

తాపీపని_30ఏళ్లు:

అవునమ్మా, తోడించాక కూడా ఖాళీగా వదలకూడదు. మళ్లీ సగం నీళ్లు పోసేయాలి. కొత్త ట్యాంక్ మొదలుపెట్టేటప్పుడు కొంచెం కుళ్లిన పేడ నీళ్లలో కలిపి పోస్తే పని త్వరగా మొదలవుతుంది. షాపుల్లో పొడులు కొనక్కర్లేదు. యాసిడ్‌తో రోజూ బాత్‌రూమ్ కడిగితే మాత్రం లోపలి క్రిములు చచ్చి ట్యాంక్ ఊరికే నిండిపోతుంది.

తాతగారి_స్థలం:

అందరికీ ఆలస్యంగా రాస్తున్నాను, వానలు తెరిపివ్వాలని ఆగాం. మొన్న శని ఆదివారాలు నేనూ నాన్నగారూ వెళ్లి మూడు గోతులు తవ్వాం. శనివారం సాయంత్రం నీళ్లు పోసి పెదనాన్నగారింట్లోనే పడుకున్నాం. ఆయన పొద్దున్నే మాకంటే ముందే లేచి గోతుల దగ్గర స్టూల్ వేసుకుని కూర్చున్నారు, చేతిలో మా తమ్ముడి స్కేలు.

వాయవ్యం గొయ్యిలో అరగంటకు 9 మిల్లీమీటర్లు దిగింది. అంగుళానికి 83 నిమిషాలు లెక్క. పెదనాన్నగారు అప్పుడు చెప్పారు, ఆ మూల ఒకప్పుడు ఇటుకల కోసం మట్టి తీసిన గొయ్యి అట, తర్వాత చెరువు బంకతో పూడ్చారట. సిద్ధాంతిగారికీ, మేస్త్రికీ, మాకూ ఎవరికీ తెలియదు. ఉత్తరం మధ్యలో తవ్వింది లెక్కలోకి తీసుకోలేదు, రెండు నూతులకూ దగ్గరే. తూర్పు గోడకు 10 అడుగులు ఇవతల, తూర్పు మధ్య నుంచి కొంచెం దక్షిణానికి జరిపి తవ్విన గొయ్యిలో 21 మిల్లీమీటర్లు దిగింది. రెండోసారి, మూడోసారి కూడా అంతే, అంటే అంగుళానికి 36 నిమిషాలు. అక్కడ సుద్ద లేదు, ఎర్ర మట్టిలో చిన్న రాళ్లు కలిసి ఉన్నాయి. నూతిలో నీళ్లు 11 అడుగుల కింద ఉన్నాయి. సిద్ధాంతిగారికి ఫోన్ చేస్తే తూర్పు మధ్యలో పెట్టుకోవచ్చు, దోషం లేదన్నారు, నాన్నగారి మొహం అప్పుడు చూడాలి.

ఇప్పుడు 36 నిమిషాలంటే కందకమే కదా సార్? ఎంత పొడవు కావాలి?

రిటైర్డ్_ఇంజినీర్_పెందుర్తి:

శభాష్. కందకమే. లెక్క ఇలా వేస్తారు: 204ని, మీకు వచ్చిన నిమిషాల వర్గమూలంతో భాగించాలి. 36కి వర్గమూలం 6, అంటే 34 వచ్చింది. చదరపు మీటరు నేల రోజుకు 34 లీటర్లు తాగగలదని అర్థం. స్నానం నీళ్లు, వంటింటి నీళ్లు ట్యాంక్‌లోకి పంపకండి, అరటి చెట్లకు, కొబ్బరి చెట్లకు విడిగా వదలండి. లెట్రిన్ నీళ్లు మాత్రమే అయితే మనిషికి 45 లీటర్లు వేసుకున్నా ఆరుగురికి 270. దాన్ని 34తో భాగిస్తే 8 చదరపు మీటర్లు. రెండున్నర అడుగుల వెడల్పు కందకం అయితే 35 అడుగుల పొడవు కావాలి. మూడు అడుగుల లోతు చాలు. మీ నీటి మట్టం 11 అడుగులు కాబట్టి కింద 8 అడుగుల మట్టి మిగులుతుంది, అది మంచిదే.

అడుగున ముప్పావు అడుగు కంకర, దాని మీద చిల్లుల పైపు, పైపు చుట్టూ మళ్లీ కంకర, పైన మట్టి. మట్టిని కాస్త ఎత్తుగా పోయండి, వాన నీళ్లు పక్కకు జారిపోవాలి. పైపు దాదాపు సమంగా ఉండాలి, వాలు ఎక్కువైతే నీళ్లన్నీ చివరన చేరి అక్కడే ఊరతాయి. తూర్పు రోడ్డు కాబట్టి గేటు ఎక్కడ పెడుతున్నారో చూసుకోండి, కందకం మీద నుంచి కారు వెళ్లకూడదు, పెద్ద చెట్లు కూడా వద్దు, గడ్డి వేసుకోండి. మీ స్థలం వాలు ఈశాన్యానికే ఉంటుంది కదా, నుయ్యి కూడా అటే ఉంది, కాబట్టి 59 అడుగులతో సరిపెట్టుకోకుండా వీలైనంత దక్షిణానికి జరపండి. ఇల్లు కట్టాక ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి, రెండు నూతుల నీళ్లూ పరీక్ష చేయించండి.

తాతగారి_స్థలం:

చాలా థాంక్స్ సార్, మేస్త్రి గారికి, భీమిలి అక్కకు కూడా. ఇవాళ మళ్లీ వెళ్లి ముగ్గు పోశాం. ట్యాంక్, దాని వెనక ఉత్తర దక్షిణాలుగా 35 అడుగుల కందకం, గేటు ఇంకా దక్షిణానికి జరిపాం, ఇల్లు పడమర వైపుకు జరిగింది, తూర్పున ఖాళీ ఎక్కువ వచ్చింది. కందకానికీ ఇంటి గోడకూ 20 అడుగులు ఉంది. మన నూతికి 63 అడుగులు, పెదనాన్నగారి నూతికి 90 పైనే. టేపు ఒక కొస నేను పట్టుకుంటే రెండో కొస పెదనాన్నగారు పట్టుకున్నారు, రెండుసార్లు కొలిపించారు. వాన నీటి ఇంకుడు గుంత పడమర వైపు విడిగా పెడుతున్నాం. రెండు నూతులూ వేసిన కొత్త స్కెచ్ రేపు ఎల్‌టీపీకి పంపుతున్నాను, మేస్త్రికి పలకల సంగతి చెప్పాను, మొదట గునిశాడు, తర్వాత ఒప్పుకున్నాడు.